పంచుకున్న గిన్నె, పంచుకోని గిన్నె: జపాను నింక్యో చిత్రాలు, ఉత్తరాంధ్ర కథనసంప్రదాయం, ‘పలాస 1978’

వ్యాససంగ్రహం

1960లలో జపానులో విస్తృతాదరణ పొందిన ‘నింక్యో’ చిత్రాలు గడిచిన కాలపు జూదరులను, ముఠానాయకులను ధీరోదాత్తులుగా నిలిపాయి. వాటి ఆకర్షణకు మూలం హింస కాదని, ఋణానికీ మనసుకూ మధ్య జరిగే సంఘర్షణ అని ఈ వ్యాసం భావిస్తుంది. శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల కథనసంప్రదాయంలో అటువంటి ఆకర్షణ బొబ్బిలి కథలో ఉంది. గురజాడ, రావిశాస్త్రి దానిని ప్రశ్నించారు. 2020లో వచ్చిన ‘పలాస 1978’ చలనచిత్రం కాలనేపథ్యం గల నేరకథను శ్రీకాకుళం నేలమీదికి తెచ్చినప్పుడు ఆ కథారూపానికి ఎదురైన ప్రధానమైన అడ్డంకి కులం. ఆ అడ్డంకిని దాచకపోవడమే చిత్రం బలమని, స్త్రీల విషయంలో ఇది తన ప్రాంతపు సాహిత్యం కంటె వెనకబడిందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: నింక్యో, కట్టుబాటు, మామూలు, రావిశాస్త్రి, బొబ్బిలి కథ, పలాస 1978, కులం.

1. ఉపోద్ఘాతం

నేరస్థుడు నాయకుడైన కథను సహృదయుడు ఎందుకు ఆస్వాదిస్తాడు? మన అలంకారశాస్త్రం ఈ ప్రశ్నను నేరుగా అడగలేదు. ధనంజయుడి దశరూపకం నాయకులను ధీరోదాత్త, ధీరలలిత, ధీరశాంత, ధీరోద్ధతులుగా విభజించింది. నాలుగింటికీ ‘ధీర’ శబ్దం సమానం. ధూర్తుడికి, విటుడికి శాస్త్రం చోటివ్వకపోలేదు. కాని ఆ చోటు భాణంలో, ప్రహసనంలో ఉంది. అంటే చట్టానికీ మర్యాదకూ వెలుపల బతికేవాడు నవ్వుకు ఆలంబనం కావచ్చు గాని ఉత్సాహానికి ఆలంబనం కాలేడని సంప్రదాయం తలచింది.

ఆధునిక చలనచిత్రం ఈ గీతను చెరిపేసింది. అలా చెరిపిన పద్ధతులలో అత్యంత నిష్ఠతో కూడినది జపానులోని నింక్యో చిత్రాల పద్ధతి. ‘నింక్యో’ అంటే స్థూలంగా దీనులకు అండగా నిలిచే శౌర్యం. ఆ చిత్రాలను ఇక్కడ చర్చించడం కేవల తులనాత్మక కుతూహలంతో కాదు. తెలుగులో రౌడీకథ మీద వచ్చే విమర్శ సాధారణంగా రెండు మాటల దగ్గర ఆగిపోతుంది. ఇది నేరాన్ని కీర్తిస్తోందనేది ఒకటి, ఇది వాస్తవాన్ని చూపిందనేది మరొకటి. మొదటిది ఆకర్షణను జబ్బుగా చూస్తుంది. రెండవది కథను పత్రికావార్తగా మారుస్తుంది. ఆకర్షణ ఎలా పుడుతుంది, ఎవరికి పుడుతుంది, ఏ షరతుల మీద పుడుతుంది అనే ప్రశ్నలు రెండింటిలోనూ మిగిలిపోతాయి. వాటికి సమాధానం వెతకడం ఈ వ్యాసం ఉద్దేశం.

2. నింక్యో చిత్రం: నిర్మాణం, ఆకర్షణ

నింక్యో చిత్రాల ఒరవడి తోయె సంస్థ 1963లో విడుదల చేసిన ‘జిన్సెయి గెకిజో: హిషకాకు’తో స్థిరపడింది. షిరో ఓజాకి నవలకు అది రూపాంతరం. కోజి త్సురుతా అందులో నాయకుడు. 1964లో మసాహిరో మకినో దర్శకత్వంలో ‘నిహోన్ క్యోకాకు దెన్’, 1965లో ‘షోవా జాంక్యో దెన్’ కెన్ తకకురాను ఈ ధారకు ముఖచిత్రంగా నిలిపాయి. 1968లో జుంకో ఫుజి నటించిన ‘హిబోతన్ బకుతో’ ఒక స్త్రీని జూదరి నాయికగా ముందుకు తెచ్చింది. ఈ చిత్రాల్లో అధికభాగం మెయిజి యుగం చివరినుంచి షోవా యుగం తొలి సంవత్సరాల దాకా గల కాలంలో జరుగుతాయి. ప్రేక్షకుడికి అది తాత తండ్రుల కాలం. పురాణమంత దూరం కాదు, నిన్నమొన్నంత దగ్గరా కాదు.

కథాశరీరం దాదాపు మారదు. పాత కట్టుబాట్లను నమ్ముకున్న ఒక ముఠా ఉంటుంది. రేవులోనో, కట్టెల అడితిలోనో, సంతలోనో కూలీలకూ చిన్న వ్యాపారులకూ అది అండ. దాని ఎదుట పెట్టుబడిదారులతో, రాజకీయులతో చేతులు కలిపిన కొత్త ముఠా. నాయకుడు జైలునుంచో, సైన్యంనుంచో, దేశాంతరంనుంచో తిరిగివస్తాడు. శత్రువు అవమానిస్తూ పోతాడు, నాయకుడు సహిస్తూ పోతాడు. పెద్దాయన చనిపోతాడు, స్నేహితుడు చనిపోతాడు. చివరి అంకంలో నాయకుడు ఒంటరిగానో, మరొకరితో కలిసో రాత్రివేళ కత్తి పట్టుకుని శత్రువు ఇంటికి నడుస్తాడు. నేపథ్యంలో పాట. తకకురా చిత్రాల్లో ఆ పాట అతని గొంతులోనే వినబడుతుంది.

ఇందులో హింస నిడివి తక్కువ, సహనం నిడివి ఎక్కువ. ఉత్సాహం స్థాయిభావమే అయినా అది చివరిదాకా అణగి ఉంటుంది. అణగిన ఉత్సాహం నుంచి కరుణం పుడుతుంది. ఈ అణచివేతకు కారణం ‘గిరి’, ‘నింజో’ అనే రెండు భావనల పోరు. గిరి అంటే మనిషి మరొకరికి పడిన ఋణం, దానివల్ల కలిగిన కట్టుబాటు. నింజో అంటే సహజంగా ఉప్పొంగే మనసు. తెలుగులో ‘ఉప్పు తిన్న విశ్వాసం’ అనే మాట గిరికి కొంత దగ్గరగా వస్తుంది. నాయకుడికి ఏది న్యాయమో తెలుసు. కాని ఎవరి ఉప్పు తిన్నాడో అదీ గుర్తుంది. రెండూ ఒక దారిన నడిస్తే కథ లేదు.

ఈ పోరు అత్యంత తీవ్రరూపం ధరించినది 1968 నాటి ‘బకుచి ఉచి: సోచో తొబకు’లో. రచయిత కాజువో కసహారా, దర్శకుడు కోసాకు యమషితా. 1930ల తోక్యోలో ఒక ముఠా పెద్ద జబ్బుపడతాడు. వారసత్వం తనకు వద్దన్న నకాయి తన ప్రమాణసోదరుడి పేరు సూచిస్తాడు. అతను జైల్లో ఉండగా పెద్దలు మరొకరిని ఎన్నుకుంటారు. బయటికి వచ్చిన సోదరుడు ఆ తీర్పును ఒప్పుకోడు. నకాయి తీర్పుకు కట్టుబడతాడు. కట్టుబడినందువల్లే ఆ సోదరుణ్ణి తన చేతులతో చంపవలసి వస్తుంది. ఈ నాటకం ఆడించిన పెద్దమనిషి చివరికి కట్టుబాటును గుర్తుచేసి తప్పించుకోజూసినప్పుడు, నకాయి ఆ పెద్దరికపు మాటలన్నిటినీ విడిచి తానొక హంతకుణ్ణి మాత్రమేనని తేల్చుకుంటాడు. యుకియో మిషిమా 1969లో ఈ చిత్రాన్ని గ్రీకు విషాదనాటకాలతో పోల్చి ప్రశంసించాడు. కట్టుబాటును చివరిదాకా పాటించినవాడి చేతిలోనే అది పగిలిపోవడం ఆ పోలికకు అర్హతనిచ్చింది.

ఈ చిత్రాల ప్రేక్షకుల్లో శ్రామికులున్నారు, ఉద్యమాల్లో ఉన్న విద్యార్థులూ ఉన్నారు. 1968లో తోక్యో విశ్వవిద్యాలయ విద్యార్థుల ఉత్సవానికి వేసిన గోడపత్రికపై వీపున పచ్చబొట్టు గల నింక్యో వీరుడి బొమ్మ ఉండడం ప్రసిద్ధం. మిషిమా వంటి సంప్రదాయవాది, అతనికి పూర్తిగా వ్యతిరేకులైన విద్యార్థులు ఒకే బొమ్మను ప్రేమించడంలో వైరుధ్యం పైకి కనిపించేటంత లేదు. డబ్బు ఒక్కటే సంబంధంగా మిగులుతున్న కాలాన్ని ఇద్దరూ తిరస్కరించారు. ఒకరు గతంలోకి చూసి తిరస్కరిస్తే మరొకరు భవిష్యత్తులోకి చూసి తిరస్కరించారు. అయితే ఈ మోహం పదేళ్ళు నిలవలేదు. 1973లో కింజి ఫుకసాకు తీసిన ‘జింగి నకి తతకాయి’ యుద్ధానంతర హిరోషిమా ప్రాంతంలో కట్టుబాటన్నది లేని పోరాటాన్ని చూపింది. దాని రచయిత కూడా కసహారాయే. గుడి కట్టినవాళ్ళలో ఒకడే దాన్ని పడగొట్టాడన్నమాట.

3. బొబ్బిలి కథ: రాత్రి గుడారంలోకి నడిచిన కత్తి

ఈ నిర్మాణాన్ని విన్న ఉత్తరాంధ్ర పాఠకుడికి అపరిచితభావం కలగదు. 1757 జనవరి 24న బుస్సీ సేనలు, విజయనగరం ప్రభువు విజయరామరాజు బలగాలు కలిసి బొబ్బిలి కోటను ముట్టడించాయి. కోట పడింది. అంతఃపుర స్త్రీలు శత్రువుకు దక్కకూడదని కోటలోని వారే వారిని చంపారు. యుద్ధం ముగిశాక బొబ్బిలి పక్షంవారు రాత్రివేళ విజయరామరాజు గుడారంలో చొరబడి అతన్ని హతమార్చారు. జానపదగాథ ఈ చివరి కార్యాన్ని తాండ్ర పాపారాయుడికి ఇచ్చింది. రాజాంలో ఉండిపోయి యుద్ధానికి ఆలస్యంగా చేరిన వీరుడు అతడు.

నింక్యో కథలోని ముఖ్యాంగాలన్నీ ఇక్కడ ఉన్నాయి. పరాయి శక్తితో చేతులు కలిపిన ప్రత్యర్థి, సమయానికి లేకపోయిన వీరుడు, సర్వనాశనం తర్వాత ప్రతీకారం, గెలుపుతో పాటే వచ్చే మరణం. ఈ కథను జంగంకథగా, బుర్రకథగా తరతరాలు విన్న శ్రోతలు గెలిచిన విజయనగరం కంటె ఓడిన బొబ్బిలికే మనసిచ్చారు. 1964లో ఎన్.టి. రామారావు, ఎస్.వి. రంగారావు నటించిన ‘బొబ్బిలి యుద్ధం’ వచ్చింది. ‘నిహోన్ క్యోకాకు దెన్’ వచ్చిన సంవత్సరమూ అదే. ఇది కేవలం యాదృచ్ఛికం. అయినా ఓడినవాడి పౌరుషం మీద మమకారం రెండుచోట్లా ఎంతటి బలమైన సామగ్రో ఆ యాదృచ్ఛికం గుర్తుచేస్తుంది.

భేదం ఒకటుంది. బొబ్బిలివారు వెలమ దొరలు, పూసపాటివారు క్షత్రియులు. ఇరుపక్షాలకూ కోటలున్నాయి, వంశాలున్నాయి. పౌరుషం ఇక్కడ ఆస్తి వంటిది; అది ఉన్నవారి మధ్య మాత్రమే పందెం. పాపారాయుడు విజయరామరాజును చంపడానికి అర్హుడు కావడానికి ముందు అతనికి సమానుడు కావాలి. నింక్యో చిత్రం ఈ అర్హతను కోటలేని జూదరికి, రేవుకూలీకి పంచింది. ఆ పంపకం ఎలా సాధ్యమైందన్నది కీలకమైన ప్రశ్న. దానికి ముందు, ఈ ప్రాంతపు ఆధునిక సాహిత్యం పౌరుషకథను ఏం చేసిందో చూడవలసి ఉంది.

4. గురజాడ, రావిశాస్త్రి: కట్టుబాటు స్థానంలో మామూలు

‘కన్యాశుల్కం’ 1892లో విజయనగరంలో ప్రదర్శితమైంది, 1897లో అచ్చయింది, 1909లో పునర్లిఖితమైంది. అందులో మర్యాదస్తులలో ఎక్కువమంది ధూర్తులు. గిరీశం భాణపు విటుడికి ఆధునిక వారసుడు. రామప్పపంతులు కోర్టుల చుట్టూ బతికే దళారి. వీరి మధ్య వృత్తిధర్మమంటూ ఒకటి ఉన్నది మధురవాణికే. తన వృత్తికి ఒక నీతి ఉందని ఆమెకు తెలుసు. ఆ నీతిని తానెంచుకున్న చోట పాటించడమూ తెలుసు. సభ్యసమాజం వెలివేసిన మనిషిలోనే కట్టుబాటు మిగిలిందనే ఈ సూత్రం నింక్యో చిత్రాలకు ప్రాణం. అయితే గురజాడ ఆమెను వీరురాలిని చెయ్యలేదు, ఆమె చేతికి కత్తి ఇవ్వలేదు. తెలివిని, వ్యంగ్యాన్ని ఇచ్చాడు. చివర ఆమె రంగం నుంచి తప్పుకుంటుంది తప్ప బలికాదు.

రాచకొండ విశ్వనాథశాస్త్రి 1922లో శ్రీకాకుళంలో జన్మించి విశాఖపట్నంలో న్యాయవాదిగా జీవించాడు. 1960ల తొలి సంవత్సరాల్లో ఆయన రాసిన ‘ఆరు సారా కథలు’ మద్యనిషేధం నాటి లోకాన్ని చూపుతాయి. సారా కాచేవారు, అమ్మేవారు, పట్టుకునే పోలీసులు, వాదించే ప్లీడర్లు, తీర్పుచెప్పే కోర్టు. నేరలోకాన్ని ఇంత దగ్గరగా చూసిన తెలుగు రచయితలు అరుదు. అయినా ఈ కథల్లో నింక్యో వీరుడు ఎక్కడా కనిపించడు. కారణం రచయిత దృష్టిలోనే ఉంది. నింక్యో కథకు నేరలోకం, రాజ్యం రెండు వేరు ప్రపంచాలు. మొదటిదానికి సొంత ధర్మం ఉంటుంది. రావిశాస్త్రి లోకంలో అవి రెండూ ఒకే దుకాణంలోని రెండు గదులు.

ఆ దుకాణాన్ని నడిపించే మాటకు తెలుగులో చక్కని పేరుంది: ‘మామూలు’. ఈ పదానికి ఆచారమనీ అర్థం, లంచమనీ అర్థం. ఎప్పుడూ జరిగేది, ఎప్పుడూ ఇచ్చేది. జపాను ముఠాకు ‘జింగి’ ఎటువంటిదో సారా కథల లోకానికి మామూలు అటువంటిది. ఎవరు ఎవరికి ఎంత బాకీయో అది చెబుతుంది, ఎప్పుడు ద్రోహం జరిగిందో కూడా అది చెబుతుంది. కాని దీనికోసం ఎవరూ ప్రాణమివ్వరు. ఋణం నుంచి గౌరవాన్ని తీసివేస్తే మిగిలేది మామూలు. ‘మాయ’ కథలో సారాకేసు ముద్దాయి ముత్యాలమ్మ ప్లీడరు ముందు విప్పిచెప్పే లోకరీతి ఈ మామూలు వ్యవస్థకు భాష్యం. ఆమె ఉత్తరాంధ్ర శ్రామికజనం నోటిభాషలో మాట్లాడుతుంది. ఆ భాష ఆమెను హాస్యపాత్రను చెయ్యలేదు, కథలో అందరికంటె తెలివైన మనిషిని చేసింది.

గత వైభవం మీద బెంగకు రావిశాస్త్రి తావివ్వలేదు. పూర్వం దొంగలకు నీతి ఉండేదని ఆయన పాఠకుడు అనుకోలేడు. 1973లో జపాను సినిమా చేరిన చోటుకు ఆయన పదేళ్ళు ముందే చేరాడని చెప్పవచ్చు. అయితే ఫుకసాకు కూల్చడానికి ఎదుట ఒక గుడి ఉంది. రావిశాస్త్రికి కూల్చవలసింది నేరస్థుడి గుడి కాదు, న్యాయస్థానం చుట్టూ అల్లుకున్న భక్తి. అందుకే ఆయన కథల్లో ఆగ్రహం ముద్దాయిల మీదికి పోదు.

5. ‘పలాస 1978’: పేరులోని సంవత్సరం

కరుణకుమార్ రచించి దర్శకత్వం వహించిన ‘పలాస 1978’ 2020 మార్చిలో విడుదలైంది. రక్షిత్, తిరువీర్ అన్నదమ్ములుగా నటించారు. రఘు కుంచె సంగీతం కూర్చడమే కాక ప్రతినాయకుడి పాత్రనూ పోషించాడు. కథ శ్రీకాకుళం జిల్లా పలాసలో జరుగుతుంది. మోహనరావు, రంగారావు దళిత కుటుంబంలో పుట్టిన సోదరులు. పాటా ఆటా వారి ఇంటి బతుకుతెరువు. ఊరిలో జీడిపప్పు వ్యాపారమూ అధికారమూ షావుకారు సోదరుల చేతిలో ఉన్నాయి. అవమానానికి ఎదురుతిరిగిన దళిత సోదరుల చేతిబలాన్ని చిన్న షావుకారు తన ఎదుగుదలకు వాడుకుంటాడు. ఆ బలం తనకే ప్రమాదమనిపించినప్పుడు అన్నదమ్ముల మధ్య చీలిక తెస్తాడు. ఈ కథకు సాక్షిగా, ప్రశ్నగా సెబాస్టియన్ అనే దళిత పోలీసు అధికారి నిలుస్తాడు.

పేరులోనే సంవత్సరం ఉంచడం చిన్న విషయం కాదు. ‘షోవా జాంక్యో దెన్’ తన పేరులో యుగాన్ని మోస్తుంది. పోయిన కాలానికి అది అంకితం. ‘పలాస 1978’లోని సంవత్సరం అటువంటి బెంగను పలకదు. పలాస ప్రాంతానికి మరొక చరిత్ర ఉంది. 1940లో అఖిల భారత కిసాన్ సభ మహాసభ ఇక్కడే జరిగింది. అదే సంవత్సరం మందస జమీందారీలో రైతులపై జరిగిన కాల్పుల్లో గున్నమ్మ నేలకొరిగింది. 1967 అక్టోబరు 31 నాటి లేవిడి ఘటన తర్వాత ఉధృతమైన శ్రీకాకుళ గిరిజన రైతాంగ పోరాటం 1970లో వెంపటాపు సత్యం, ఆదిభట్ల కైలాసం మరణాలతో పెద్ద దెబ్బ తిన్నది. 1978 అంటే దానికి ఎనిమిదేళ్ళ తర్వాత, అత్యవసర పరిస్థితి ముగిసిన మరుసటి సంవత్సరం. సామూహిక ప్రతిఘటన వెనక్కి తగ్గిన నేల మీద, ఇద్దరు మనుషుల కోపాన్ని ఒక వ్యాపారి అద్దెకు తీసుకోగలిగిన కాలం అది. చిత్రం ఈ చరిత్రను పాఠంలా చెప్పదు. చెప్పకపోయినా ఆ సంవత్సరాన్ని చదివే బాధ్యత విమర్శకుడిది.

పాట స్థానాన్ని గమనిస్తే రెండు సంప్రదాయాల భేదం స్పష్టమవుతుంది. ‘నక్కిలీసు గొలుసు’ పాట చిత్రం కంటె విస్తృతంగా జనం నోట నిలిచింది. అది ఉత్తరాంధ్ర జానపదగేయం. తకకురా పాట నాయకుడు కత్తి పట్టాక వినిపిస్తుంది. అది ఆయుధానికి తోడు. పలాస సోదరులకు పాట కత్తి కంటె ముందుది, అది వారి వృత్తి. కత్తి పట్టిన తర్వాత ఆ బతుకు వెనకపడుతుంది. ఒకచోట పాట వీరత్వానికి అలంకారమైతే ఇంకొకచోట వీరత్వం కోసం చెల్లించిన మూల్యం. ఈ చిత్రంలోని కరుణానికి మూలం హత్యలు కావు, ఈ నష్టం.

6. గిన్నె

కోటలేని మనిషికి పౌరుషాన్ని నింక్యో చిత్రం ఎలా పంచగలిగింది? దానికి ఆ చిత్రాల్లో పదేపదే కనిపించే క్రతువు ఒకటి సమాధానం చెబుతుంది. ముఠాలో చేరేవాడు పెద్దతో సాకే గిన్నె పంచుకుంటాడు. ఆ గుటకతో పెద్ద తండ్రి అవుతాడు, చేరినవాడు కొడుకవుతాడు. ఇద్దరు పంచుకుంటే సోదరులవుతారు. రక్తసంబంధం లేనివాడికి సంబంధం, ఇల్లు లేనివాడికి ఇల్లు ఆ గిన్నెలోంచి వస్తాయి. గిరి అక్కడినుంచి మొదలవుతుంది. నకాయి విషాదం కూడా అక్కడిదే. పంచుకున్న గిన్నె లేకపోతే చంపిన మనిషి సోదరుడు కాడు. జపాను సమాజంలోనూ పుట్టుకతో అంటగట్టిన వెలివేత ఉంది. బురాకు సముదాయాలు దానిని అనుభవించాయి. కాని ప్రధానస్రవంతి నింక్యో చిత్రం దానిని తన ఇతివృత్తంగా చేసుకోలేదు. ఆ మౌనం మీదనే గిన్నె మహిమ నిలిచింది.

మన గ్రామాల్లో అదే వస్తువు కథను తలకిందులు చేస్తుంది. టీకొట్టులో దళితులకు వేరే గ్లాసు పెట్టే ఆచారం తెలుగు సమాజానికి తెలియనిది కాదు. ఒకచోట గిన్నె పరాయివాణ్ణి కొడుకుగా మారుస్తుంది, మరొకచోట గ్లాసు ఊరివాణ్ణి పరాయిని చేస్తుంది. పలాస సోదరులు షావుకారు కోసం ప్రాణాలకు తెగిస్తారు. ఉప్పు తిన్న విశ్వాసం వారివైపు నుంచి పూర్తిగా ఉంది. అవతలివైపు నుంచి ఆ ఋణానికి గుర్తింపు లేదు, ఎందుకంటే ఋణపడడానికి అవతలివాణ్ణి ముందు మనిషిగా అంగీకరించాలి. షావుకారు వారికి ద్రోహం చేశాడనడం కూడా ఒక విధంగా సరికాదు. ద్రోహానికి ముందు ఒప్పందం ఉండాలి. ఆయన దృష్టిలో ఎన్నడూ ఒప్పందం జరగలేదు, కూలి మాత్రమే జరిగింది.

ఇక్కడే ఈ చిత్రం నింక్యోకు అనుకరణ కాకుండా విమర్శ అయింది. కట్టుబాటు క్షీణించిందని నింక్యో దుఃఖిస్తుంది. కట్టుబాటు ఎప్పుడూ అబద్ధమేనని ఫుకసాకు అన్నాడు. అది మామూలుగా మారిందని రావిశాస్త్రి చూపాడు. కట్టుబాటులోకి కొందరికి ఏనాడూ ప్రవేశమే దొరకలేదని ‘పలాస 1978’ చెబుతుంది. పోయినదానికోసం బెంగపడాలంటే ముందు అది తమ దగ్గర ఉండి ఉండాలి. ‘రౌడీ’ అనే మాట కూడా ఇదే చెబుతుంది. జపాను కథానాయకుణ్ణి జనం ‘క్యోకాకు’ అని పిలుచుకున్నారు; అందులో ఆదరముంది. మనవాడికి పేరు పెట్టింది ఠాణాలోని రౌడీషీటు. వీరుడనే పేరు జనం ఇచ్చేది, రౌడీ అనే పేరు రికార్డు ఇచ్చేది.

ఒక ఆక్షేపణను పరిశీలించాలి. ఇదంతా నిజమైతే చిత్రం చివరికి ప్రతీకారకథ ఇచ్చే ఉద్వేగాన్ని ఎందుకు వాడుకుంటుంది? ద్వితీయార్ధంలో కథ పరిచితమైన రౌడీచిత్రపు బాటలోకి జారిన సందర్భాలు ఉన్నాయి; నరికివేతల సంఖ్య వాటి అర్థాన్ని పలుచన చేసింది. ఇది లోపమే. అయినా ఆ ఉద్వేగాన్ని పూర్తిగా నిరాకరించమని దళిత కథానాయకుణ్ణి కోరడంలో అన్యాయముంది. పాపారాయుడు గుడారంలోకి నడిచినప్పుడు రెండున్నర శతాబ్దాలుగా మనం జేకొట్టాం. కోటలు ఉన్నవారి ప్రతీకారాన్ని వీరగాథ అని, లేనివారి ప్రతీకారాన్ని హింస అని పిలిచే అలవాటును విమర్శ ముందు తనలో చూసుకోవాలి. సాధారణీకరణం గురించి మాట్లాడిన భట్టనాయకుడు, అభినవగుప్తుడు చెప్పిన సహృదయుడు పాత్ర విశేషాలను దాటి భావాన్ని అందుకోగలవాడు. పాత్ర కులం మారగానే ఆ దాటడం కష్టమైతే లోపం సహృదయుడి శిక్షణలో ఉంది.

అదే దర్శకుడి ‘మట్కా’ (2024) ఈ వాదాన్ని ఎదురు దిక్కునుంచి బలపరుస్తుంది. అది కూడా గడిచిన కాలపు నేరకథే. బర్మా నుంచి విశాఖకు వచ్చిన కాందిశీకుడు జూదసామ్రాజ్యాన్ని నిర్మించడం దాని వస్తువు. అక్కడ పాత కార్లు, పాత దుస్తులు, పాత నోట్లు ఉన్నాయి. కాని నాయకుడు ఎవరికి ఋణపడ్డాడు, ఎవరు అతనికి ఋణపడ్డారు అనే ప్రశ్నకు ‘పలాస’లో ఉన్నంత పదును లేదు. కాలం వస్త్రాలంకరణగా మిగిలిన చోట ఆకర్షణ కంటికి పరిమితమవుతుంది.

7. భాష, స్త్రీ: సాధించినది, మిగిలినది

‘పలాస 1978’ సాధించిన మరొక విషయం భాష. శ్రీకాకుళం మాండలికాన్ని తెలుగు సినిమా చాలాకాలం పనిమనిషికి, అమాయకుడికి, నవ్వించేవాడికి కేటాయించింది. మళ్ళీ శాస్త్రం గీసిన పాత గీతే: ఆ భాష ప్రహసనానికి పనికొస్తుంది, వీరానికి పనికిరాదు. ఈ చిత్రంలో ఆ భాషలో కోపం ఉంది, ప్రేమ ఉంది, బెదిరింపు ఉంది. రావిశాస్త్రి అచ్చులో అరవై ఏళ్ళ కిందట గెలుచుకున్నదాన్ని వెండితెర ఇన్నాళ్ళకు అందుకుంది.

అయితే రావిశాస్త్రి వారసత్వంలో సగమే అందింది. ఈ ప్రాంతపు ఆధునిక సాహిత్యంలో చట్టానికి అంచున బతికేవారిలో గుర్తుండిపోయే గొంతులు స్త్రీలవి. మధురవాణి, ముత్యాలమ్మ, ‘రత్తాలు-రాంబాబు’ లోని రత్తాలు. వీరు లోకాన్ని వ్యాఖ్యానిస్తారు, కేవలం దాని బాధితులు కారు. పురుషస్వామ్యం గట్టిగా ఉన్న నింక్యో చిత్రం కూడా జుంకో ఫుజి పాత్రకు జూదం చాప మీద నాయకస్థానం ఇచ్చింది. ‘పలాస 1978’ లోని స్త్రీలు ప్రేమించేవారుగా, పోగొట్టుకునేవారుగా ఉన్నారు తప్ప కథకు అర్థం చెప్పేవారుగా లేరు. అర్థం చెప్పే పని సెబాస్టియన్‌కు అప్పగించబడింది. జీడి కర్మాగారాల్లో పిక్కలు కొట్టి, ఆ రసానికి చేతులు కాల్చుకునే శ్రమలో స్త్రీల వాటా పెద్దది. ఆ చేతులలో ఒక ముత్యాలమ్మను చిత్రం చూడలేకపోయింది. తన నేలమీది అత్యుత్తమ సంప్రదాయాన్ని విడిచి, సోదరకథ అనే అంతర్జాతీయ నమూనాకు కట్టుబడడం వల్ల వచ్చిన నష్టమిది.

8. ముగింపు

గడిచిన కాలపు నేరకథ ఆకర్షణ కత్తిలో లేదు. మనిషి మరొకరికి బాకీపడగలడని, ఆ బాకీ కోసం తనను తాను ఖర్చుచేసుకోగలడని నమ్మాలనే కోరికలో ఉంది. డబ్బుతో తీరని ఋణాలు ఉండేవని చెప్పే కథ అన్ని సమాజాల్లోనూ శ్రోతలను సంపాదిస్తుంది. ఆ కోరికను తక్కువచేసి చూడడం విమర్శకు తగదు. అదే సమయంలో ఆ ఋణాల పట్టీలో ఎవరి పేర్లు ఉన్నాయి, ఎవరి పేర్లు ఎన్నడూ ఎక్కలేదు అని అడగడం మాననూకూడదు.

బొబ్బిలి కథ ఆ కోరికను తీర్చింది, ‘కన్యాశుల్కం’ దానితో వేళాకోళమాడింది, సారా కథలు దాని ధర ఎంతో లెక్కకట్టాయి. ‘పలాస 1978’ లోపాలతోనే అయినా ఆ పట్టీని తెరిచి చూపింది. సాహిత్యశాఖల్లో చలనచిత్రం ఇప్పటికీ అనుబంధాంశంగానే ఉంది. కాని ఈ ప్రాంతపు కథనచరిత్రను రాసేటప్పుడు జంగంకథను, నాటకాన్ని, కథానికను, చలనచిత్రాన్ని ఒకే వరుసలో చదివితే తప్ప ‘పౌరుషం’ అనే మాట మన భాషలో ఎవరి చేతినుంచి ఎవరి చేతికి మారిందో, ఎక్కడ ఆగిపోయిందో తెలియదు. ఆ మాట పూర్తి ప్రయాణాన్ని గుర్తించడం ఉత్తరాంధ్ర సాహిత్య పరిశోధన ముందున్న పని.